బ్రెస్ట్ లిఫ్ట్ చేయించుకునే ముందు ఒప్పుకోవలసినవి, ఆగవలసినవి

ముందుగా మీరు రాసిన వివరాలు క్లుప్తంగా. మీకు 38 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. బరువు తగ్గించే ఇంజెక్షన్లు వాడి 14 కిలోలు తగ్గారు, ఇంకా తగ్గుతూనే ఉన్నారు. డాలస్ నుంచి ఐదు వారాల సెలవు మీద హైదరాబాద్ వచ్చినప్పుడు బ్రెస్ట్ లిఫ్ట్ (జారిన రొమ్ములను పైకి బిగించే ఆపరేషన్) చేయించుకుని తిరిగి వెళ్లాలనుకుంటున్నారు. వీడియో కాల్‌లో మాట్లాడిన ఒక క్లినిక్ వారు లేజర్‌తో, మచ్చ పడకుండా చేస్తామన్నారు. మరొక సర్జన్ మాత్రం రొమ్ము కింద లంగరు ఆకారంలో మచ్చ మిగులుతుందని చెప్పారు. ఎవరి మాట నమ్మాలన్నది మీ ప్రశ్న. రెండో డాక్టర్ మాటే నమ్మండి. అయితే ఆ డాక్టర్ దగ్గరైనా ఈ సెలవులోనే చేయించుకోవద్దన్నది నా సలహా. కారణాలు వివరంగా రాస్తున్నాను.

ఈ ఆపరేషన్‌ను మేము మాస్టోపెక్సీ అంటాము. చాలా ఏళ్లుగా ప్లాస్టిక్ సర్జరీ చేస్తున్న నేను దీన్ని రోగులకు ఒక బేరంగానే చెబుతాను: మచ్చను ఒప్పుకుంటేనే ఆకారం దక్కుతుంది. ఎంత జారితే అంత చర్మం తీయాలి, ఎంత చర్మం తీస్తే అంత మచ్చ పడుతుంది. ఈ లెక్కను దాచిపెట్టి మాట్లాడేవారు మిగతా విషయాలు కూడా పూర్తిగా చెప్పరు.

రొమ్ములో కండరం ఉండదు. పాల గ్రంథులు, కొవ్వు, వాటిని చర్మానికీ ఛాతీకీ కలిపి పట్టి ఉంచే సన్నని పీచు పొరలు మాత్రమే ఉంటాయి. ఆ పొరలను వాటి గురించి వివరంగా రాసిన బ్రిటిష్ సర్జన్ ఆస్ట్‌లీ కూపర్ పేరుతో కూపర్ లిగమెంట్లు అంటారు. గర్భం వచ్చినప్పుడు రొమ్ము పెరిగి తరువాత తగ్గినా, ఒళ్లు వచ్చి తరువాత తీసినా, లోపలి నిండుదనం పోతుంది కానీ సాగిన చర్మమూ సాగిన పీచు పొరలూ మళ్లీ మునుపటిలా బిగుసుకోవు. పిల్లలకు పాలివ్వడం వల్లనే ఇలా అయిందని మీరు కూడా రాశారు. 2008లో అమెరికాలోని కెంటకీలో ప్లాస్టిక్ సర్జన్లు ఇదే విషయాన్ని పరిశీలిస్తే, గర్భాల సంఖ్య, వయసు, అధిక బరువు, మొదటినుంచీ రొమ్ములు పెద్దవిగా ఉండటం, పొగతాగడం కారణాలుగా తేలాయి. పాలివ్వడం కారణంగా తేలలేదు. అందం పోతుందని బాలింతల చేత పాలు మాన్పించే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి ఈ మాట ఇక్కడ చెప్పక తప్పదు.

కండరం లేదన్నాను కనుక, డంబెల్స్ ఎత్తితే రొమ్ములు పైకి లేస్తాయన్న ప్రకటనలు ఎంతవరకు నిజమో మీరే ఊహించవచ్చు. వ్యాయామం వల్ల రొమ్ము వెనకున్న ఛాతీ కండరం గట్టిపడుతుంది, పైనున్న చర్మం కుదించుకుపోదు. నూనెలు, క్రీములు చర్మాన్ని మెత్తగా ఉంచుతాయి, అంతకుమించి ఏమీ చేయవు. రేడియో తరంగాలతో చర్మాన్ని వేడిచేసే యంత్రాలు, చర్మం కింద దూర్చే దారాలు కొద్దిపాటి సడలింపు ఉన్నవారికి కొంతకాలం కొంత బిగువు ఇవ్వవచ్చు. మీరు చెప్పిన స్థాయికి అవి సరిపోవు. లేజర్ పేరు చెప్పగానే కోత ఉండదని జనం అనుకుంటారు. లేజర్‌తో కోసినా కోత కోతే.

మీది ఏ స్థాయి అన్నది అద్దం ముందు నిలబడి చూసుకోవచ్చు. రొమ్ము కింద ఛాతీతో కలిసే చోట ఒక మడత ఉంటుంది. చనుమొన ఆ మడత ఎత్తులోనే ఉంటే మొదటి స్థాయి; మడత కంటే ఒకటి నుంచి మూడు సెంటీమీటర్లు కిందకు దిగితే రెండో స్థాయి; అంతకంటే దిగి నేలవైపు చూస్తుంటే మూడో స్థాయి. చనుమొన మడతకు పైనే ఉండి, కింది భాగం మాత్రమే వేలాడే తీరు మరొకటి ఉంది, దాని చికిత్స వేరు. మీరు రెండు వేళ్ల మందం కిందకు దిగిందని రాశారు; అంటే దాదాపు రెండో స్థాయి చివర.

నేరుగా చూసినప్పుడు సర్జన్ మొదట చేసే పని టేపుతో కొలవడం. మెడ కింద రెండు కాలర్ ఎముకల నడుమ ఉండే గుంట నుంచి చనుమొన వరకు ఎంత దూరమో, చనుమొన నుంచి కింది మడత వరకు ఎంత దూరమో రెండు వైపులా విడివిడిగా రాసుకుంటారు. మొదటి దూరానికి పాఠ్యపుస్తకాల్లో 21 సెంటీమీటర్లను ప్రమాణంగా చెబుతారు కానీ, పొడవును బట్టి, ఛాతీ వెడల్పును బట్టి అది మారుతుంది. కుడి ఎడమల కొలతల్లో కొంత తేడా దాదాపు అందరికీ ఉంటుంది. ఆపరేషన్ తరువాత కూడా అచ్చుగుద్దినట్టు ఒకేలా రావు. ఆపరేషన్ రోజు గీతలన్నీ మిమ్మల్ని నిలబెట్టి, భుజాలు వదులుగా ఉంచమని చెప్పి, మార్కర్‌తో గీస్తారు, ఎందుకంటే పడుకుంటే రొమ్ము పక్కలకు ఒరిగి జారుడు కనిపించదు. ఆ గీతలు గీయడానికి తొందరపడే సర్జన్ నాకు నచ్చరు. ఆపరేషన్‌లో సగం అక్కడే పూర్తవుతుంది.

ఇక మచ్చల సంగతి. కొద్దిపాటి జారుడుకు చనుమొన చుట్టూ ఉండే ముదురు వలయం అంచునే కోసి బిగిస్తారు. మచ్చ ఆ అంచులో కలిసిపోతుంది కానీ, ఎక్కువ చర్మాన్ని ఈ పద్ధతిలో లాగితే వలయం సాగి పెద్దదవుతుంది, రొమ్ము చదునుగా తయారవుతుంది. రెండో స్థాయికి వలయం చుట్టూ కోతతో పాటు అక్కడి నుంచి కింది మడత దాకా నిలువుగా మరో కోత పడుతుంది. చర్మం బాగా సాగి ఉన్నప్పుడు, ముఖ్యంగా బరువు బాగా తగ్గినవారిలో, మడత వెంబడి అడ్డంగా మూడో కోత కూడా అవసరమవుతుంది. దాన్నే మీకు లంగరు అన్నారు, తిరగేసిన టీ అని కూడా అంటారు. నిలువు మచ్చతో సరిపోతుందా, అడ్డకోత కూడా కావాలా అన్నది మీ చర్మాన్ని చేత్తో పట్టి చూసినవారే చెప్పగలరు, వీడియో కాల్‌లో ఎవరూ చెప్పలేరు.

చనుమొనను కోసి తీసి వేరేచోట అతికిస్తారేమోనని చాలామంది భయపడతారు. మామూలుగా అలా జరగదు. రక్తనాళాలు, నరాలు ఉన్న లోపలి కణజాలాన్ని అంటిపెట్టుకుని ఉండగానే దాన్ని పైకి జరిపి, చుట్టూ ఉన్న అదనపు చర్మాన్ని తీసి కుడతారు. అందుకే ఆ రక్తప్రసరణను దెబ్బతీసే దేన్నయినా, ముఖ్యంగా పొగాకును, మేము అంత గట్టిగా వద్దంటాము.

మన చర్మానికి మచ్చ విషయంలో ఒక ఇబ్బంది ఉంది. చామనఛాయ, నలుపు రంగు చర్మంలో మచ్చ నల్లబడటం, ఉబ్బెత్తుగా పెరగడం తెల్లవారిలో కంటే ఎక్కువ. ఛాతీ మధ్యభాగం, భుజాలు అందుకు మరీ అనువైన చోట్లు. మీ ఒంటి తీరు తెలుసుకోవడానికి మూడు చోట్ల చూడండి: ఎడమ భుజం మీద చిన్నప్పటి బీసీజీ టీకా మచ్చ, చెవులు కుట్టించుకున్న చోటు, సిజేరియన్ అయి ఉంటే ఆ కోత గీత. వీటిలో ఏదైనా చుట్టుపక్కలకు పాకుతూ గట్టిగా, దురదతో పెరిగి ఉంటే దాన్ని కీలాయిడ్ అంటారు. అలాంటప్పుడు ఈ ఆపరేషన్ వద్దనే నేను చెబుతాను. సిజేరియన్ గీత సన్నగా, చదునుగా మానితే అది మంచి సూచన, హామీ మాత్రం కాదు. మచ్చ మొదటి రెండు మూడు నెలలు ఎర్రగా, గట్టిగా ఉండి చూడటానికి అసహ్యంగా కూడా అనిపిస్తుంది. పూర్తిగా పండి మెత్తబడటానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. గాయాలు పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ జెల్ గానీ, సిలికాన్ షీట్లు గానీ కనీసం మూడు నెలలు వాడితే ఉబ్బు తగ్గుతుంది.

చాలామందికి ముందు ఎవరూ చెప్పని మరో విషయం, లిఫ్ట్ వల్ల రొమ్ము పెద్దదవదు. ఉన్న కణజాలాన్నే సర్ది పైకి నిలుపుతారు. చర్మం తీసేయడం వల్ల బ్రా సైజు కొంత తగ్గినట్టు కూడా అనిపించవచ్చు. పైభాగంలో ఫొటోల్లో కనిపించే నిండుదనం లిఫ్ట్ ఒక్కదానితో వచ్చినా కొన్ని నెలల్లో కిందకు దిగిపోతుంది. అది నిలవాలంటే ఇంప్లాంట్ (రొమ్ము లోపల అమర్చే సిలికాన్ సంచి) పెట్టాలి, లేదా శరీరంలో మరోచోటి నుంచి కొవ్వు తీసి నింపాలి. ఇంప్లాంట్, లిఫ్ట్ ఒకేసారి చేయడంలో చిక్కు ఏమిటంటే, ఒకటి రొమ్మును లోపలి నుంచి ఉబ్బిస్తుంది, మరొకటి చర్మాన్ని బిగిస్తుంది. రెండూ ఒకదానికొకటి ఎదురు లాగుతాయి. అందువల్ల తరువాత సరిదిద్దే ఆపరేషన్లు అవసరమయ్యే అవకాశం విడివిడిగా చేసినప్పటికంటే ఎక్కువ. పైగా ఇంప్లాంట్లు జీవితాంతం ఉండేవి కావు. బరువు తగ్గి నిండుదనం పోయినవారిలో ముందు లిఫ్ట్ చేసి, ఆరు నెలల తరువాత కూడా పరిమాణం చాలదనిపిస్తేనే రెండో మెట్టు ఎక్కమంటాను.

మీ మెడ, భుజాలు నొప్పి పెడుతూ, బ్రా పట్టీలు భుజాల్లో గాట్లు పడుతూ, మడత కింద తరచూ ఒరుసుకుపోతుంటే మీకు కావలసింది లిఫ్ట్ కాదు, పరిమాణం తగ్గించే ఆపరేషన్. మీ ప్రశ్నలో అవేవీ లేవు కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను.

సమయం గురించి వివరంగా చెప్పాలి. మీరు ఇంకా బరువు తగ్గుతున్నారు. ఈరోజు బిగించి కుట్టిన చర్మం కింద నుంచి రేపు మరో ఆరు కిలోల కొవ్వు పోతే చర్మం మళ్లీ వదులవుతుంది. కనీసం ఆరు నెలలు బరువు ఒకేచోట నిలిచాకే చేయించుకోవాలి. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ వంటి బరువు తగ్గించే ఇంజెక్షన్లు కడుపు ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తాయి. మామూలుగా ఆరు గంటలు పస్తుంటే సరిపోయే చోట, ఈ మందులు వాడేవారి కడుపులో ఇంకా ఆహారం మిగిలి ఉండి, మత్తు ఇచ్చే సమయంలో ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఆ ఇంజెక్షన్ వాడుతున్న సంగతిని మత్తు డాక్టర్‌కు మీరే స్వయంగా చెప్పాలి. ఎప్పుడు ఆపాలో వారు నిర్ణయిస్తారు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న మందు కదా అని దాచేవారు ఉన్నారు, అందుకే నొక్కి చెబుతున్నాను.

మూడో బిడ్డ ఆలోచన కాస్తయినా ఉంటే కాన్పు అయ్యేదాకా ఆగండి. ఆపరేషన్ తరువాత గర్భం వస్తే ప్రమాదమేమీ లేదు, చేసిన పని మాత్రం చాలావరకు పోతుంది. పాలు మాన్పించాక కూడా మూడు నుంచి ఆరు నెలలు ఆగాలి, పాల గ్రంథులు తగ్గి రొమ్ము అసలు రూపానికి రావడానికి అంత సమయం పడుతుంది.

ఐదు వారాల సెలవులో ఇది చేయించుకోవచ్చా అంటే, కాగితం మీద లెక్క సరిపోతుంది. ప్రయాణ బడలిక, పరీక్షలు, నేరుగా చూపించుకోవడం కలిపి మొదటి వారం పోతుంది. మిగిలిన నాలుగు వారాల్లోనే గాయం మానాలి. లంగరు కోతలో నిలువు గీత, అడ్డగీత కలిసే చోట చర్మం మీద లాగుడు ఎక్కువ. అక్కడ రెండో మూడో వారంలో చిన్నగా విచ్చుకుని నెమ్మదిగా మానడం అరుదైన విషయం కాదు. అది పెద్ద ప్రమాదం కాదు, డ్రెస్సింగ్‌లతోనే తగ్గుతుంది, కానీ ఆ డ్రెస్సింగ్ చేసేవారు ఆపరేషన్ చేసినవారే అయితే మంచిది. డాలస్‌లోని సర్జన్ మరొకరు చేసిన కేసు చేతిలోకి తీసుకోవడానికి వెనకాడవచ్చు, తీసుకున్నా ఖర్చు మీదే. పెద్ద ఆపరేషన్ అయిన కొద్ది వారాలకే సుదీర్ఘ విమాన ప్రయాణం చేస్తే కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఇంకా పెరుగుతుంది. ఇక్కడే చేయించుకోవాలని ఉంటే కనీసం రెండు మూడు నెలలు ఉండగలిగినప్పుడు రండి.

ఆపరేషన్‌కు ముందు చేయించుకోవలసిన వాటిలో నేను రాజీపడనిది రొమ్ము పరీక్ష. మన దేశంలో స్త్రీలకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్ రొమ్ము క్యాన్సరే, పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇక్కడ చిన్న వయసులోనే కనిపిస్తోంది. 40 దాటితే మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), అంతకు లోపు అయితే అల్ట్రాసౌండ్ స్కాన్; తల్లికో అక్కచెల్లెళ్లకో వచ్చి ఉంటే వయసుతో పని లేకుండా రెండూ అవసరమవుతాయి. చేతికి తగిలే గడ్డ ఏదైనా ఉంటే అది ఏమిటో తేలేదాకా లిఫ్ట్ మాట ఎత్తకూడదు.

మిగతా రక్తపరీక్షల్లో హిమోగ్లోబిన్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే. బరువు తగ్గడానికి తిండి బాగా తగ్గించినవారిలో ఇనుము, ప్రోటీన్ లోపం మరింత సహజం, వాళ్ల గాయాలు ఆలస్యంగా మానతాయి. షుగర్ ఉంటే మూడు నెలల సగటు అదుపులో ఉండాలి. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, విటమిన్ ఈ, చేపనూనె, వెల్లుల్లి గుళికలు రక్తస్రావాన్ని పెంచవచ్చు. ఆయుర్వేద, హోమియో మందులతో సహా వాడేవన్నీ రాసి ఇవ్వండి. గుండె కోసం వాడే మందులను మాత్రం మీ అంతట మీరు ఆపకండి. పొగాకు కనీసం నాలుగు వారాల ముందు, నాలుగు వారాల తరువాత పూర్తిగా మానాలి. పొగాకు అంటే సిగరెట్ ఒక్కటే కాదు: కిళ్లీలో జర్దా, ఖైనీ, వేపింగ్, మానడానికి నమిలే నికోటిన్ గమ్ కూడా. నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. చనుమొనకు రక్తం అందక అది నల్లబడి కొంతభాగం పోయే పరిస్థితి ఎక్కువగా ఇలాంటివారిలోనే చూస్తాము.

సర్జన్ విషయానికి వస్తే, ఎంబీబీఎస్, ఎంఎస్ తరువాత ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ చేసి ఉండాలి. బోర్డు మీద కాస్మెటాలజిస్ట్ అని ఉన్నంత మాత్రాన సర్జన్ కారు. ఆ అర్హత రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో నమోదై ఉందో లేదో రిజిస్ట్రేషన్ నంబరుతో సరిచూసుకోవచ్చు, అడిగితే ఏ మంచి డాక్టరూ నొచ్చుకోరు. ఫొటోలు చూపించమన్నప్పుడు నెల రోజులవి కాదు, ఏడాది దాటినవి, మీలాంటి చర్మం రంగు ఉన్నవారివి, మచ్చ స్పష్టంగా కనిపించేవి అడగండి. మీరు మొదట మాట్లాడేది సర్జన్‌తోనా, ప్యాకేజీ అమ్మే కౌన్సెలర్‌తోనా అన్నది కూడా గమనించండి. ఈ వారంలో డబ్బు కడితే తగ్గింపు అనేచోటి నుంచి లేచి వచ్చేయడమే మంచిది. ఆపరేషన్ పూర్తి మత్తులో రెండు మూడు గంటలు పడుతుంది కాబట్టి, మత్తు డాక్టర్, అత్యవసర పరిస్థితికి ఐసీయూ అందుబాటులో ఉన్న ఆసుపత్రిలోనే జరగాలి.

ఖర్చు విషయంలో చెప్పిన మొత్తంలో మత్తు, ఆసుపత్రి గది, మందులు, ప్రత్యేక బ్రా, తరువాతి డ్రెస్సింగ్‌లు కలిశాయో లేదో, మళ్లీ సరిదిద్దవలసి వస్తే ఎవరు భరిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తరువాత పునర్నిర్మాణం, లేదా వైద్యపరంగా తప్పనిసరి అని డాక్టర్ ధ్రువీకరించిన సందర్భాల్లో తప్ప, రూపం కోసం చేయించుకునే ఆపరేషన్లకు మన ఆరోగ్య బీమాలు డబ్బు ఇవ్వవు. వైద్యసేవలకు ఉండే జీఎస్టీ మినహాయింపు కూడా దీనికి వర్తించదు. అంగీకార పత్రం మీద 18 ఏళ్లు నిండిన స్త్రీ సంతకం ఒక్కటే చాలు. భర్త సంతకం చట్టప్రకారం అవసరం లేదు. ఇంట్లో చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం కానీ, తరువాతి రెండు వారాలు సాయానికి ఒక మనిషి మాత్రం తప్పక కావాలి.

ఆ రెండు వారాలు ఎలా ఉంటాయంటే, నొప్పి మాత్రలతో అదుపులో ఉండేంత మాత్రమే ఉంటుంది. ఇబ్బంది పెట్టేది చేతులు. మోచేతులు భుజాల పైకి ఎత్తకూడదు, కనుక జడ వేసుకోవడం, పై అర నుంచి డబ్బా దించడం, కుక్కర్ ఎత్తడం, పిల్లాణ్ణి చంకనెత్తుకోవడం అన్నీ వేరేవాళ్లు చేయాలి. ముందువైపు తెరుచుకునే, లోపల తీగ లేని బిగుతైన బ్రా నాలుగు నుంచి ఆరు వారాలు రాత్రీ పగలూ వేసుకోవాలి. ఏప్రిల్, మే నెలల ఉక్కపోతలో అది నరకం, అవకాశం ఉంటే చలికాలం ఎంచుకోండి. వెల్లకిలా పడుకోవాలి. కూర్చుని చేసే ఉద్యోగానికి వారం పది రోజుల్లో వెళ్లవచ్చు, వ్యాయామానికి ఆరు వారాలు ఆగాలి. గాయం మీద పసుపు, వేపాకు ముద్ద, కొబ్బరినూనె ఏదీ రాయవద్దు, పెద్దవాళ్లు ఎంత చెప్పినా సరే. మొదట్లో రొమ్ములు మరీ పైకి, పెట్టెల్లా పలకగా కనిపిస్తాయి. మూడు నుంచి ఆరు నెలల్లో కిందకు సర్దుకుని గుండ్రని రూపం వస్తుంది.

మొదటి ఒకటి రెండు రోజుల్లో ఒకవైపు రొమ్ము మాత్రమే హఠాత్తుగా ఉబ్బి బిగుసుకుని నొప్పి పెడితే లోపల రక్తం చేరుతోందని అర్థం, అర్ధరాత్రి అయినా ఫోన్ చేయాలి. చనుమొన రంగు నీలంగానో నల్లగానో మారడం, జ్వరంతో ఎర్రదనం పాకడం, పిక్క వాచి నొప్పి పెట్టడం, ఊపిరి అందకపోవడం కూడా తెల్లవారేదాకా ఆగే విషయాలు కావు.

చనుమొన స్పర్శ చాలామందికి కొన్ని నెలలు మొద్దుబారి తిరిగి వస్తుంది, కొందరికి పూర్తిగా రాదు. ఎవరికి రాదో ముందు చెప్పలేము. పాల నాళాలు తెగకుండా చేసే పద్ధతుల్లో తరువాత పాలివ్వగలిగినవారు ఉన్నారు, ఇవ్వలేకపోయినవారూ ఉన్నారు. వయసు, బరువు మార్పులు ఆపరేషన్ తరువాత కూడా తమ పని తాము చేసుకుపోతాయి కాబట్టి కొన్నేళ్లకు కొంత జారుడు మళ్లీ వస్తుంది, మచ్చ మాత్రం ఉండిపోతుంది.

తీసిన చర్మాన్ని, కణజాలాన్ని తప్పనిసరిగా పరీక్షకు పంపమని అడిగి ఆ రిపోర్టు తీసుకోండి. దాంతోపాటు ఏ పద్ధతిలో చేశారో వివరించే ఆపరేషన్ నోట్స్ కూడా. లోపల కొవ్వు కొంత గట్టిపడి గడ్డలా చేతికి తగలవచ్చు, మామోగ్రామ్‌లో కాల్షియం చుక్కలు కనిపించవచ్చు. ఆరు నెలల నుంచి ఏడాది లోపు కొత్తగా ఒక స్కాన్ తీయించి పెట్టుకుని, తరువాత ప్రతి పరీక్షకూ ఈ కాగితాలన్నీ తీసుకువెళ్లి రేడియాలజిస్ట్‌కు చూపిస్తే, పాత ఆపరేషన్ గుర్తులను చూసి అనవసరంగా సూది పరీక్షకు పంపే అవసరం చాలావరకు తప్పుతుంది.